మూడో అంతస్తు కాలువ

"పాట ఆపకు" అన్నాడు సూపర్‌వైజర్ లియోంగ్ గట్టు మీద నుంచి, అతిథుల కోసం పెట్టుకున్న నవ్వు చెదరకుండానే.

లిగాయా అతిథుల పడవకు తెడ్డు వేస్తూ పాడుతూనే ఉంది. మకావులో ఈ హోటలు కట్టినవాళ్ళు ఇటలీ ఊరొకదాన్ని తెచ్చి మూడో అంతస్తులో దించారు. వంతెనలు, మేడలు, మోకాలు దాటని కాలువ, పైకప్పుకి రంగులేసిన ఆకాశం. ఆ ఆకాశంలో ఎప్పుడూ సాయంత్రమే. కిటికీ ఒక్కటీ లేదు. ఏ దారిన నడిచినా తిరిగి తిరిగి జూదం బల్లల దగ్గరికే తేలాలి. బయట తుఫానుకి ఊరంతా తలుపులు బిగించుకుందని ఆడుతున్నవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలియనివ్వొద్దని పనివాళ్ళకు గట్టిగా చెప్పారు.

ఆమె భర్త నార్డో అన్నిటికంటే కింద, నేలమాళిగలో కార్లు నిలిపేచోట ఊడుస్తాడు.

మలుపు దగ్గర హున్ తన పడవను పక్కకు తెచ్చాడు. అతనిదీ ఆమెదీ ఫిలిప్పీన్స్‌లో ఒకే ఊరు, ఇలోయిలో.

"అక్కా, కిందకి నీళ్ళొచ్చేశాయంట. పెద్దోళ్ళ కార్లు పైకి తోలమని బావని మళ్ళీ దింపారంట."

"ఫోన్ చేశావా?"

"మోగట్లేదక్కా."

లిగాయా పాట ఆపేసింది. ఆమె పడవను గట్టుకు చేర్చి దిగింది. ఇంకో చుట్టు తిప్పాలి కదా అని పడవలోని దంపతులు గొణిగారు.

"సార్, నార్డో కిందున్నాడు. కిందికెళ్ళే మెట్ల తలుపు తీయండి."

"రక్షణ సిబ్బందికి చెప్పాం. గాలి తగ్గాక వస్తారు. నువ్వు పడవెక్కు."

"అందాకా ఆయన నీళ్ళలో నిలబడుండాలా?"

"మెల్లగా మాట్లాడమ్మా. ఉద్యోగం పోయిందంటే ఇక్కడ పని చేయనిచ్చే నీలం కార్డు పోతుంది. మీరిద్దరూ మనీలా విమానం ఎక్కాల్సిందే. ఊళ్ళో నీ కూతుర్ని ఎవరు చదివిస్తారు?"

ఈ మాటకే ఆమె ఇన్నేళ్ళూ వణికింది. జ్వరంలో పాడింది. కడుపు పోయి వారం తిరక్కుండానే నవ్వుతూ పాడింది. ఈసారి మాత్రం అతని కళ్ళలోకి చూసింది.

"విమానం ఎక్కాలన్నా ముందు ఆయన పైకి రావాలి కద సార్?"

లియోంగ్ మెడలో తలుపులు తెరిచే కార్డు వేలాడుతోంది. ఆమె చెయ్యి చాచింది.

"ఇవ్వండి."

"పైన కెమెరా చూస్తోంది. నాకూ పిల్లలున్నారమ్మా."

"చూడనివ్వండి. నేనింక పాడను."

హున్ తెడ్డు తీసి గట్టు మీద పెట్టేశాడు. వెనక పడవల్లో పాటలు ఒక్కొక్కటే ఆగాయి. అంతా నిశ్శబ్దమయ్యాక, మెట్ల తలుపు అవతల, ఎక్కడో చాలా లోతున నీళ్ళు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు అందరికీ వినిపించింది.

లియోంగ్ కార్డును పిడికిట్లో పట్టుకున్నాడు. ఇవ్వలేదు, వదల్లేదు. లిగాయా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.