అవతలి ఒడ్డు సిగ్నల్

గడియారాల మేస్త్రీ చేతి గడియారం నడవదు. దానికి కీ ఇవ్వడం ఆయన భార్య పని. ఆవిడ పోయి తొమ్మిది నెలలైంది.

అందుకే ఆ పరాయి దేశపు ఊళ్ళో, మార్కెట్ బురుజు మీది మనిషెత్తు గడియారం బాగుచేశాక, దాని ముళ్ళను జేబులోని ఫోన్ చూసి సరిదిద్దాడు. ఆ మధ్యాహ్నం ఆయన ప్రాణమంతా ఆ ఫోన్ మీదే ఉంది.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. అమ్మ పేరు పెట్టాలని ఆమె కోరిక. నిన్న ఈయన రైలెక్కే ముందు అడిగింది: "రోజుకు యాభైసార్లు ఆ పేరు పెట్టి కేకెయ్యాలి నాన్నా. తట్టుకోగలవా? ఆలోచించుకో. రేపు నువ్వెళ్ళే ఊరి టైము నాలుగింటికి ఫోన్ చేస్తా. నువ్వు ఎత్తకపోతే వద్దనే అనుకుని, మా అత్తయ్య చెప్పిన పేరు ఆస్పత్రిలో రాయించేస్తా."

ఆ అత్తయ్య చెప్పిన పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి.

ఫోన్‌లో సిగ్నల్ ఒక్కటే గీత. చేసిన కాల్ చేసినట్టే తెగిపోతోంది.

"బావా, పొద్దున రైల్లో నది అవతలి దేశం మీదుగా వచ్చాం కదా," అన్నాడు బావమరిది, పళ్ళచక్రాలకు నూనె వేస్తూ. "నీ ఫోన్ అక్కడి నెట్‌వర్క్ పట్టుకుంది. ఇంత ఎత్తులో అది ఇంకా సన్నగా తగుల్తోంది. పూర్తిగా తెగేదాకా వదలదు. ఈ ఊరి నెట్‌వర్కులు నిండుగా ఉన్నా కన్నెత్తి చూడదు."

"పాపం, విశ్వాసం గలది."

"విశ్వాసం కాదు, మొండితనం! ఎవరి ఫోనో తెలుస్తూనే ఉంది. ఇటివ్వు, ఆ బంధం తెంచేస్తా."

నట్లు వేసుకునే రేకు డబ్బాలో ఫోన్ పెట్టి బిగించి మూతపెట్టాడు. ఇద్దరూ డబ్బా ముందు గొంతుక్కూర్చుని వంద లెక్కపెట్టారు. మూత తీస్తే గీతలు లేవు. బావమరిది మీసం దువ్వుకునేలోపే అదే గీత మళ్ళీ మొలిచింది.

"చివరిసారి దిగిన గుమ్మమే ముందు తడుతుంది బావా, దొంగమొహంది!"

అంతలో నెత్తిమీద గంట నాలుగు కొట్టింది. బురుజు అదిరింది. ఫోన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

మేస్త్రీ మెట్టు మీద కూలబడ్డాడు. "అయిపోయిందిరా. మీ అక్క పేరు..." కింద దుకాణాల షట్టర్లు ధడధడా పడుతున్నాయి. బడిపిల్లలు కేకలేస్తూ వీధిలోకి వచ్చిపడ్డారు.

బావమరిది ఫోన్ అందుకుని సెట్టింగుల్లోకి వెళ్ళాడు. ఆటోమేటిక్ తీసేస్తే నెట్‌వర్కుల జాబితా వచ్చింది. మొదటిది నొక్కాడు. అనుమతి లేదంది. "మన సిమ్ కంపెనీకి వీళ్ళతో ఒప్పందం లేదు." రెండోది నొక్కాడు. గీతలన్నీ నిండాయి. వాటి పక్కన టైము: మూడూ రెండు.

"బావా... ఫోన్‌కి టైము చెప్పేది కూడా నెట్‌వర్కే. అవతలి దేశం వీళ్ళకంటే గంట ముందు."

ఇద్దరూ మెల్లగా తలలెత్తి గడియారం వైపు చూశారు. నాలుగూ రెండు.

మెట్ల మీద ధనధనమని అడుగుల చప్పుడు. మార్కెట్ అధికారి రొప్పుతూ పైకొచ్చాడు. "ఎవరండీ దీన్ని తిప్పింది? బడి వదిలేశారు! నా గడ్డం క్షౌరశాలవాడు సగం గీకి ఇంటికెళ్ళిపోయాడు!"

"గంటసేపు ఆపి ఉంచితే అదే సరైపోతుంది సార్," అన్నాడు బావమరిది, ఆయన రెండో చెంప వైపు చూడకుండా.

మేస్త్రీకి ఇవేవీ వినపడలేదు. కూతురు చేసేదాకా ఆగలేదు. తనే చేశాడు.

"నాన్నా? ఇంకా గంట టైముందిగా?"

"ఫోన్ పాప చెవి దగ్గర పెట్టు."

గొంతు సవరించుకున్నాడు. ఒకసారి రాలేదు. రెండోసారి, తొమ్మిది నెలలుగా నాలుక మీదికి రానివ్వని ఆ పేరు పెట్టి, బురుజు మీది పావురాలన్నీ లేచిపోయేలా కేకేశాడు. ఆ వెంటనే, "ఏమేవ్! పాలు తాగావా?"

అవతల పాప గుక్కపట్టింది. కూతురు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఒకటైంది నాన్నా," అంది. "ఇవాళ్టికి ఇంకా నలభై తొమ్మిది."