మునసబుకు మాటిచ్చిన చెవులపిల్లి

"మునసబు వియ్యంకుడు ఆత్మకూరు నుంచి వచ్చినాడు. రేపు వాళ్లింటికి ఒక చెవులపిల్లి తెస్తానని మాటిచ్చినాను" అన్నాడు మా ఆయన మాల్యాద్రి, కాళ్లు కడుక్కుంటా.

నేను సంగటి కెలుకుతా ఉండాను. పట్టేది నేనైతే మాటిచ్చేది నువ్వా అని నోటిదాకా వచ్చింది. పొయ్యి పక్కన మా అత్త ఆదిశేషమ్మ కూర్చోనుండాది. మింగేసినాను.

"పొద్దున నేను మునసబింటి కాడ పందిట్లో ఉంటాను. నువ్వు మన దొడ్డెంబడి తెచ్చి అమ్మకియ్యి" అన్నాడు.

రోజూ అయితే ఆయన మా జొన్నచేని గట్టు మీద నిలబడి ఉంటాడు. ఉచ్చులో ఏం పడితే అది నా చేతిలోంచి తీసుకొని, కర్రకు కట్టి భుజాన వేసుకొని వీధిలో నడుస్తాడు. నేను కట్టెల మోపు నెత్తికెత్తుకొని వెనక సందులోంచి వస్తాను. "మాల్యాద్రి ఉచ్చేస్తే తప్పదబ్బా" అని ఊరంతా అంటారు. ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఉచ్చు పేనడం నా పుట్టినూరు చేజర్లలో మా అవ్వ నాకు నేర్పింది. కిత్తనార నానబెట్టి, తొడ మీద పేని, ముడి ఎట్ట జారాలో, చెవులపిల్లి ఏ సందున దూరుతాదో, అన్నీ చూపించింది. పెండ్లయి ఈ ఉదయగిరి కొండ కిందికి వచ్చినాక కరువులో ఆ విద్యే ఇంటిల్లిపాదిని బతికించింది. "ఆడది వేటాడతాదని తెలిస్తే నా కొడుకును మొగోడంటారా?" అనింది అత్త. అందుకని వేట ఆయనదయింది.

ఇంటికి తెచ్చినాక తోలు తీసేది నేను, వండేది నేను. తొడలూ కాలేజమూ ఆయనకి, వీపు మామకి. మేమిద్దరం ఆడోళ్లం పక్కటెముకలు చీకేది. కరువులో నా పెద్దోడు రొమ్ము పట్టి పట్టి, పాలు రాక, ఏడ్చే ఓపిక కూడా లేక పోయినాడు. వాడు పోయే ముందురోజు రెండు పూరేడు పిట్టలు పట్టుకొచ్చినాను. "మొగోళ్లు నిలబడితేనే ఇల్లు నిలబడేది" అనింది అత్త. నేనే వడ్డించినాను. వాళ్లు తింటా ఉంటే నేను చెంబుతో నీళ్లు పట్టుకొని నిలబడినాను. ఇప్పుడు వానలు పడినాయి, జొన్న మోకాలెత్తు లేచింది, ఒళ్లో ఆడపిల్ల ఉండాది. కానీ ఇంట్లో వడ్డన మాత్రం కరువునాటిదే. చంటిది రొమ్ము పీకి పీకి మొహం తిప్పుకుంటాది. ఆ తిప్పుకోవడం నాకు తెలుసు.

తెల్లారేసరికి చంటిదాన్ని అత్త పక్కలో పడుకోబెట్టి చేని దోవ పట్టినాను. గట్ల మీద గడ్డి తడి, పాదాలు చల్లంగా ఉండాయి. కొండవైపు కౌజుపిట్టలు కూస్తా ఉండాయి. ఇంకెవరూ లేరు. ఇంట్లో పని చెప్పడానికి తప్ప నన్నెవరూ పిలవరు, ఇక్కడ నా అడుగు చప్పుడు నాకే వినబడతాది. ఆ ఒక్క సుఖం కూడా ఈరోజు దక్కలేదు. ఎవరో వియ్యంకుడి నోటికోసం నేను మంచులో నడుస్తా ఉండానే అని దోవంతా కుతకుతలాడినాను.

మొదటి ఉచ్చు ఖాళీ. వాగు వారన వేసింది ఏదో తెంపుకొని పోయింది. కంపతడిక మూల సందులో వేసిన దాంట్లో పడుండాది, బాగా బలిసిన పోతు. మా జొన్న తిని పెరిగింది. ఇంకా కొట్టుకుంటా ఉంటే మెడమీద ఒక్క దెబ్బేసినాను. చెవులు పట్టి ఎత్తితే వెచ్చంగా, బరువుగా ఉండాది. రాత్రి సంగటి వాళ్లకే సరిపోయి, నిన్న పొద్దుటి నుంచి నా కడుపులో గంజి తప్ప ఏం లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మంచె కింద కావలోళ్లు వేసిన నెగడులో నిప్పు ఇంకా ఉండాది. నేను దానివైపు ఎప్పుడు నడిచినానో నాకే తెలీదు. నాలుగు పుల్లలు ఎగదోసి కాల్చినాను. కాలేజం ముందు తిన్నాను. తర్వాత తొడ. ఇన్నేండ్లలో ఎన్ని పట్టినానో, తొడ రుచి నాకు తెలీదు. వేళ్లు కాలినా ఆగలేదు. మొదట గట్టువైపు చూస్తా తిన్నాను, ఎవరన్నా వస్తారేమోనని. రెండో తొడకొచ్చేసరికి చూడడం మానేసినాను. ఏడుపొచ్చింది, ఏడుస్తానే తిన్నాను. మిగిలింది మోదుగాకుల్లో చుట్టి, కట్టెల మోపు ఎత్తుకోకుండా, వీధిలోంచే ఇంటికొచ్చినాను.

మా ఆయన ఓపిక పట్టలేక మునసబింటి నుంచి వచ్చి వాకిట్లో నిలబడుండాడు.

"పడలేదా?"

"పడింది. తిన్నాను."

అర్థం కానట్టు చూసినాడు. ఆకులు విప్పి అరుగు మీద పెట్టినాను. పక్కటెముకలూ ముందుకాళ్లూ చూసి ఆయన మొహం నల్లబడింది.

"మునసబుకు ఏం చెప్పాలే నేను?"

"నేను పట్టినానని చెప్పు. నేనే తిన్నానని చెప్పు."

ఆయన చెయ్యి ఎత్తినాడు. చంటిదాన్ని చంకనేసుకొని అత్త లోపల్నుంచి వచ్చింది. ఆకుల వంక చూసింది, నా వంక చూసింది.

"పోనీలేరా, పిల్లకు పాలు పడాలని తినుంటాది" అనింది, నన్ను కాపాడతా.

అవునంటే అక్కడికి సరిపొయ్యేది. ఆయన చెయ్యి దిగేది, నేను మంచి తల్లినయ్యేదాన్ని.

"పిల్లకోసం కాదత్తా" అన్నాను. "నాకు ఆకలయింది."

ఆయన చెయ్యి దించి, కండువా దులుపుకొని, మునసబింట్లో ఏం చెప్పుకోవాలని పోయినాడో పోయినాడు. అత్త చంటిదాన్ని నా చేతికిచ్చి అరుగు మీద కూలబడింది. ఆకుల్లోంచి ముందుకాలు ఒకటి విరిచి నోట్లో పెట్టుకునింది. కొడుకు తినకముందు ఆమె తినడం నేను చూడడం అదే మొదలు.

"ఉప్పు లేకుండా ఎట్ట తిన్నావే?" అనింది నములుతా.

"రేపు కొంగున కట్టుకొని పోతాను" అన్నాను.