ఓర్పు మీద పరిశోధన

"ప్రసంగం అయిందా?" అని స్నానాల గదిలోంచి కేకేశాడు ఆనందబాబు, కూర అయిందా అని అడిగినంత మామూలుగా.

"అయిందండీ. బల్ల మీద పెట్టాను," అంది జాయ్సీ ఉప్మా కలుపుతూ.

కువైట్‌లో, ఫహాహీల్‌లోని ఆ రెండు గదుల ఫ్లాటులో ప్రతి శుక్రవారం తెలుగు సహవాసం, అంటే ప్రార్థన కూటం, జరిగేది. ఆనందబాబు మిగతా రోజుల్లో అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర టెక్నీషియను, శుక్రవారం మాత్రం పాస్టరుగారు. ప్రసంగం రాసేది జాయ్సీ, చెప్పేది ఆయన. "అయ్యగారి నోట ఎంత లోతైన మాటలండీ," అని వచ్చినవాళ్లు కళ్లొత్తుకుంటూ ఉంటే ఆమె వంటింట్లో టీ వడబోస్తూ ఉండేది. రాసింది తనేనని ఒకసారి నవ్వుతూ ఎవరితోనో అనబోతే, అందరూ వెళ్లాక ఆయన, "నీకు పేరు కావాలా, దేవుడి పని జరగడం కావాలా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

పెళ్లికి ముందు ఆమె గోదావరి జిల్లాలో ఒక వేదాంత కళాశాలలో క్రైస్తవ నీతిశాస్త్రం చెప్పేది. పరిశోధన కూడా మొదలుపెట్టింది, ఓర్పు మీద. ఊళ్లో రైతులు జాయ్సీ తల్లిని చూపించి "మాలపల్లెలో ఇంత ఓర్పున్న మనిషి లేదు" అని మెచ్చుకునేవాళ్లు. నాట్లు వేసి వేసి వంగిపోయిన ఆ నడుము ఆ మెప్పుతో ఏనాడూ నిటారు కాలేదు. ఎదురు తిరగడానికి వీలున్న మనిషి ఓర్చుకుంటే అది సుగుణం, వేరే దారి లేని మనిషి ఓర్చుకుంటే దాన్ని సుగుణమని పిలిచే హక్కు ఎవరికుంది? పొలాల్లో, ఇళ్లల్లో పనిచేసిన దళిత స్త్రీల బతుకులోంచే నీతిని మళ్లీ మొదటినుంచి ఆలోచించాలని ఆమె రాస్తే, గైడు కాగితాలు పక్కకు తోసి, "ఇది నీతిశాస్త్రం కాదమ్మా, మీ ఇంటి గోడు," అన్నాడు. అయినా రాసేది. పెళ్లితో అది ఆగిపోయింది. కువైట్ వెళ్లి పూర్తి చేసుకోవచ్చని పెళ్లిచూపుల్లో అన్న అత్తగారే, పిల్లలు కలగకపోయేసరికి ఫోనులో, "ఆ చదువే నీ కడుపు ఎండగట్టింది," అంది.

ఆ శుక్రవారం అందరూ ఉప్మా తింటున్నప్పుడు కరుణమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పాలకొల్లు దగ్గర ఊరు ఆమెది. షువైఖ్‌లో గ్యారేజీ ఉన్న ఒకాయన ఇంట్లో పనిచేసేది. చున్నీ తీసి మోచేయి చూపించింది. చర్మం ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో ఊడిపోయి ఉంది.

"మామా, అదే ఆ ఇంటావిడ, వాత పెట్టిందండి. నేనింక ఆ ఇంటికెళ్లనమ్మగారూ. ఎంబసీ దగ్గర దింపెయ్యండి, మీకు పుణ్యముంటాది. అక్కడ ఆడోళ్లని ఉండనిత్తారంట."

జాయ్సీ ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, "దింపుతాను. నేనే వస్తాను," అంది.

ఆనందబాబు ఒప్పుకోలేదు. వీసా ఇప్పించిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. అతని మాట కాదని పనిమనిషి గడప దాటితే పారిపోయినట్టే లెక్క. "మన ఇంటినుంచే పారిపోయిందని కేసు పెడితే పోలీసులు ఇక్కడికొస్తారు. సహవాసం మూతపడుతుంది. ఒక్క మనిషి కోసం అందరి ప్రార్థనా ఆపుకుంటామా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ చెయ్యి చూశారా మీరు?"

"నువ్వు పుస్తకాలు చూశావు, నేను లోకం చూశాను. ఆమెతో నేను మాట్లాడతాలే. నువ్వు ముందు ఆ టీ సంగతి చూడు."

అందరికీ టీలు ఇచ్చి, చెప్పులు వేసుకుని ఆమె హాల్లోకి వచ్చేసరికి కరుణమ్మ లేదు. ఆడవాళ్లని దింపే వ్యాను డ్రైవరు సురేష్ బాబుతో ఆమెను ముందుగానే తిరిగి ఆ ఇంటికే పంపించేశారు. "ప్రార్థన చేసి పంపాను. ఓర్చుకుంటానంది," అన్నాడు ఆనందబాబు, తృప్తిగా.

ఆ వారం మధ్యలోనే సురేష్ బాబు ఫోన్ చేశాడు. తాళం వేసిన గది కిటికీలోంచి కరుణమ్మ దూకేసిందట. బతికింది గానీ వెన్ను విరిగింది. జాయ్సీ ఎవరినీ అడగకుండా బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లింది. మంచానికి అతుక్కుపోయినట్టు పడుకున్న కరుణమ్మ కళ్లు మాత్రం తిప్పి చూసింది.

"అమ్మగారూ, నేను చావాలని దూకలేదండి. తలుపు తియ్యలేదని దూకాను. పాపమంటారా?"

చదువుకున్నన్నాళ్లూ, చెప్పినన్నాళ్లూ ఆమెను ఇంత సూటిగా ఎవరూ ఏదీ అడగలేదు. అంత చదువులోంచీ ఆమెకు దొరికిన జవాబు చిన్నది.

"కాదమ్మా. నిన్ను వెనక్కి పంపడం పాపం."

"మరి నా కాళ్లు?" అంది కరుణమ్మ. జాయ్సీ దుప్పటి కింద ఆ పాదాలు పట్టుకుంది. అవి చల్లగా ఉన్నాయి. ఆమె పట్టుకున్నట్టు కరుణమ్మకు తెలియను కూడా తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆనందబాబు సోఫాలో కూర్చుని ఉన్నాడు. "ఈ శుక్రవారం ఆత్మహత్య మహాపాపమని చెప్పాలి. మిగతావాళ్లు కూడా ఇలాగే తయారవుతారు. గట్టిగా రాయి."

"ఆమె చావడానికి దూకలేదు. నేను రాయను. మీరు ఆమెను తిరిగి పంపారని అందరిముందూ చెప్తాను."

ఆయన కోప్పడలేదు. చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "జాయ్సీ, మాట్లాడేముందు ఒక్కటి గుర్తుపెట్టుకో. నీ ఇఖామా నా పేరు మీద ఉంది."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఎవరి పేరు మీదుంటే వాళ్లు ఎప్పుడైనా రద్దు చేయించగల కాగితం. అంతకుమించి ఆమె దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇన్నేళ్లూ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ ఆడవాళ్లందరి మీదా జాలిపడింది, వాళ్లకూ తనకూ మధ్య ఏదో గోడ ఉందనుకుని. ఇప్పుడు వెతికితే ఆ గోడ కనిపించలేదు. తల్లి పోయింది. కళాశాలలో తన చోట ఇంకెవరో ఉన్నారు. ఆగిపోయిన పరిశోధన కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. వెళ్లినా తనకోసం తలుపు తీసే మనిషి లేదు. ఇక్కడే ఉంటే మాత్రం, వచ్చే శుక్రవారం ఇంకో చెయ్యి, ఇంకో ప్రార్థన, ఇంకో వ్యాను. రెండువైపులా చీకటే.

"కరుణమ్మని స్ట్రెచర్ మీద ఇండియా పంపుతారంట. పక్కన ఒక మనిషి ఉంటేగానీ విమానం ఎక్కించరంట. నేను వెళ్తున్నాను. తిరిగి రాను," అంది చివరికి.

ఆనందబాబు లేచి నిలబడ్డాడు. "నన్ను అడక్కుండానే?"

"అడుగుతూనే ఉన్నానండీ," అంది జాయ్సీ. "వీసా రద్దుకి నా కఫీల్ సంతకం కావాలి. పెట్టండి."