ఉండాదా, యున్నదా

“రచన యనగా నేమనుకొంటివి? కొర్రలలో రాళ్లేరుట వంటిది. ఒక్కటి మిగిలినను తినువాడు నిన్నే నిందించును” అన్నారు మా ఆయన, చేట ముందేసుకుని కూర్చున్న నన్ను చూసి. నేను ఏరుతున్నది నిజంగా కొర్రలే. ఆయన అన్నది నా నవల గురించి.

మా ఆయన నందికొట్కూరు బోర్డు బళ్లో తెలుగు పండితులు. ఇంట్లో కూడా అచ్చు పుస్తకంలాగే మాట్లాడతారు. దాహమైతే “మంచినీరు తెమ్ము” అంటారు. మా అత్త నాగలక్ష్మమ్మకు ఆ మాటలు సగం అర్థం కావు. అర్థం కాని కొద్దీ ఆమెకు గర్వం ఎక్కువ. “మా తిమ్మన్న నోట్లో సరస్వతి ఉండాది” అని వీధి వీధంతా చెప్పుకుంటుంది. ఆ ‘ఉండాది’ చెవిన పడ్డప్పుడల్లా ఆయన, పంటి కింద ఇసుక పడ్డట్టు మొహం పెడతారు.

నవల రాయడం పోయిన శ్రావణంలోనే అయిపోయింది. మిగిలింది దిద్దడం. అదే తెమలడం లేదు. కర్నూలులో అచ్చుకూటం నడుపుతున్న దాదా ఖలందర్ సాహెబు, నా స్నేహితురాలు కృపమణి చేత కబురు పెట్టాడు. కృపమణి ఇక్కడి మిషను బళ్లో టీచరు, పుట్టిల్లు కర్నూలే. “యుద్ధమొచ్చి కాగితానికి కరువొచ్చింది. ఆయమ్మ పుస్తకానికని కొంత తీసి పెట్టినా. పంచాంగం పని మొదలైందంటే అదీ దానికే పోతాది. అంతలోపల పంపీమని చెప్పు తల్లీ” అన్నాడట. ఉగాది దగ్గర పడుతోంది. ఈసారి తప్పితే మళ్లీ కాగితం ఎప్పుడు దొరుకుతుందో, దొరికినా అప్పటికి నాకు పంపే ధైర్యం ఉంటుందో లేదో. ఉండదని నాకు తెలుసు. నా ధైర్యం ఎండాకాలం చెలమలో నీళ్ల వంటిది, ఊరినప్పుడే తోడుకోవాలి.

అయినా పొద్దున లేచి మొదటి పుటే తీస్తాను. నిన్న దిద్దిన మాట ఈవేళ తప్పనిపిస్తుంది. అరసున్న పెట్టాలా వద్దా? పెడతాను. పొయ్యి దగ్గరికి పోతాను. ఎసట్లో బియ్యం పోస్తూ, అక్కడ అరసున్న రాదేమో అనుకుంటాను. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కొట్టేస్తాను. అంతలో అన్నం అడుగంటుతుంది, అత్త కేకేస్తుంది: “కాగితాల్లో తలకాయ పెట్టుకోని పొయ్యి మీద చెయ్యి పెడితే ఇంతే.” అడుగంటిన అన్నం నేను తింటాను. అది ఈ ఇంట్లో ఎవరూ పెట్టని నియమం. తింటున్నంతసేపూ నాలుగో ప్రకరణం కళ్ల ముందు తిరుగుతుంది. ఎవరో తెలియని మనిషి, కోస్తా సర్కారు జిల్లాల మనిషి, మడత కుర్చీలో కూర్చుని నా పుస్తకం తెరిచి, “ఆడది, అందులోనూ సీమది, ఇంతకంటే ఏం రాస్తుందిలే” అని నవ్వుతున్నట్టు ఉంటుంది. ఆ మనిషి కోసమే నేను దిద్దుతున్నాను. వాడికి నా అన్నం సంగతి తెలియదు.

అన్నిటికంటే నన్ను పీక్కుతిన్నది చివరి పుటలోని ఒక్క వాక్యం. నా నవల్లో సుంకులమ్మ అనే రైతు పిల్ల. మొగుడు రెండో పెళ్లి చేసుకుని ఆమెను గొడ్ల కొట్టంలోకి నెడతాడు. పంచాయతీ కూర్చుంటుంది. “తిండి పెడతాడు, గుడ్డ ఇస్తాడు, ఇంగ నీకేం కావల్ల?” అని పెద్దలు అడుగుతారు. సుంకులమ్మ లేచి నిలబడి, “నాకు బతకల్లని ఉండాది” అంటుంది. ఆ మాట రాసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. మా ఆయన చదివి, ఎర్ర సిరాతో కొట్టేసి, పైన “నాకు జీవింపవలెనని యున్నది” అని రాశారు. నేను మళ్లీ ‘ఉండాది’ రాశాను. భయమేసి ‘యున్నది’ చేశాను. గీకి గీకి అక్కడ కాగితం అరిగి, అవతలి వెలుగు కనబడే దాకా వచ్చింది. ‘యున్నది’ అన్నప్పుడల్లా సుంకులమ్మ నోరు మూతపడుతుంది. ‘ఉండాది’ అన్నప్పుడల్లా మడత కుర్చీ మనిషి నోరు తెరుస్తాడు.

ఆయన మీద నాకు కోపం లేదని చెప్పను. కానీ ఒక సంగతి తెలుసు. మా పెళ్లయిన కొత్తల్లో ఆయనే చెప్పారు. విద్వాన్ పరీక్షకు చదవడానికి కృష్ణా జిల్లాకు పోయినప్పుడు, గురువుగారు ఏదో అడిగితే “పుస్తకం రూములో ఉండాది సార్” అన్నారట. తరగతంతా నవ్విందట. చదువు ముగిసే దాకా ఆయన్ను ‘ఉండాది’ అనే పిలిచారట. సేద్యం చేసే ఇంటి నుంచి పోయిన మొదటి చదువరి ఆయన. అప్పుడు అది విని నేను ఏడ్చాను కూడా. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ భయాన్ని ఆయన ఒక్కరే మోయలేక నాకు సగం ఇచ్చారని. ఇల్లు ఊడ్చే పనీ, చల్ల చిలికే పనీ ఇచ్చినట్టే ఇదీ ఇచ్చారు. నేనూ కాదనకుండా తీసుకున్నాను.

ఆవేళ దీపాలు పెట్టే పొద్దుకు కృపమణి వచ్చింది. తెల్లారి బస్సుకు కర్నూలు పోతోందట. “సాహెబు రేపో ఎల్లుండో పంచాంగం మొదలు పెడతాండాడక్కా. ఇస్తావా, లేదా?” అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపల మా ఆయన అందుకున్నారు. “ఇంకను పరిష్కరింపవలసి యున్నది. తొందరపడిన నవ్వులపాలగును. వచ్చే యేడు చూతము.”

“దాని రాతకు అంత తొందరేముండాది? ఇంటి పని లేదా, పాడి లేదా?” అంది అత్త, దీపం వత్తి ఎగదోస్తూ.

“చివరి పుట ఒక్కటే. ఆ మాట ‘ఉండాది’ అనే ఉండనీండి. మిగతాది పంపిద్దాం” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

ఆయన లేచారు. “ఆ పదము నిఘంటువులో చూపుము. చూపగలిగితివా, నీ యిష్టము. నేనే తెచ్చెదను” అంటూ గోడ గూట్లో ఉన్న నిఘంటువు వెనక్కి చెయ్యి పోనిచ్చారు.

“అమ్మో!”

చెయ్యి వెనక్కి లాగేసరికి నిఘంటువు కింద పడింది. దాంతో పాటే ఎర్రతేలు. అత్త చెప్పుతో దాన్ని కొట్టింది. ఆయన బండల మీద కూలబడి వేలు పట్టుకున్నారు.

“తేలు కుట్నాదే అమ్మా! సచ్చిపోతాండానే!”

“యాడ నాయనా?”

“ఈడ, ఈడ! చెయ్యంతా అంటుకున్నట్ల మంటగా ఉండాదే. శానా మంటగా ఉండాది!”

నేను చింతగింజ రాతి మీద అరగదీసి వేలికి అంటించాను. కృపమణి నా వైపు చూసింది. నేను చూడలేదు, చూస్తే నవ్వొస్తుందని. ఒక మనిషి బాధపడుతుంటే నవ్వొచ్చినందుకు సిగ్గేసింది, ఆయన నుదుటి చెమట కొంగుతో తుడిచాను. ఆయన మా అత్త కడుపున పుట్టిన పిల్లాడిలా “ఉండాది, ఉండాది” అని మూలుగుతున్నారు. ఆయన నోట ఆ మాట దానంతటదే రాగా వినడం అదే మొదలు. నాకు ఆయన అంత దగ్గరగా అనిపించడం కూడా అదే మొదలు.

అంతలో ఆ నవ్వు ఎటో పోయి కోపం వచ్చింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పండితుడికైనా ఆ మాటే వస్తుంది. సుంకులమ్మకు ఆ పంచాయతీలో ప్రాణం మీదికే వచ్చింది. నేను ఇన్ని నెలలుగా చేసిందేమిటి? తేలు కుట్టిన మనిషి నోరు పట్టుకుని, ముందు వ్యాకరణం సరిచూసుకో, తర్వాత ఏడువు అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తెల్లవారి లేచి చివరి పుట ఒక్కటే తీశాను. అరిగిన చోట రాయడానికి కాగితం మిగల్లేదు. ఒక చిన్న ముక్క కత్తిరించి, గంజితో అతికించి, దాని మీద సుంకులమ్మ మాట సుంకులమ్మకు రాసిచ్చాను. ఇంకే పుటా ముట్టలేదు. ముట్టితే మళ్లీ చిక్కుకుంటానని తెలుసు.

కట్ట కడుతుంటే ఆయన మంచం మీద నుంచే పిలిచారు. వేలికి గుడ్డ, గొంతులో మళ్లీ పండితులు. “అది యిటు తెమ్ము. మరొక్కసారి చూతును.”

“మీరు పడుకోండి” అన్నాను.

“తప్పులున్నవి, రత్నా.” ఈసారి గొంతు వేరుగా ఉంది. “నవ్వుతారు. నీకు తెలియదు.”

“తెలుసు” అన్నాను. ఇంకేదైనా మంచిమాట చెప్పాలనిపించింది, కానీ చెబుతూ నిలబడితే బస్సు పోతుంది.

వాకిట్లో అత్త అడ్డం వచ్చింది. “చల్ల చిలకకుండా యాడికి పోతాండావు?”

“ఈ పొద్దు మీరు చిలకండి అత్తా” అన్నాను. ఆమె ఏమందో వినలేదు.

కృపమణి అప్పటికే బస్సులో కూర్చుని ఉంది. కిటికీలోంచి కట్ట అందించబోతూ పై పుట చూశాను. మొదటి వాక్యంలోనే ఒక అక్షరం ఎగిరిపోయింది. అన్నిసార్లు దిద్దిన పుటలో, అందరికంటే ముందు కనబడే చోట. దాని పక్కనే ఇంకొకటి. కట్ట నా చేతిలోనే ఉండిపోయింది. ఇంటికి తీసుకుపోయి ఈ పుట ఒక్కటి దిద్దుకుని రేపు పంపితే? రేపు ఇంకో బస్సు ఉంటుంది కదా?

డ్రైవరు బండి కదిలించాడు. కృపమణి చెయ్యి చాపింది.

“ఏమక్కా, ఇంగా దిద్దేది ఉండాదా?”

“ఉండాది” అని, కట్ట ఆమె చేతిలో పెట్టాను. “ఉండనీ.”