పదమూడు అంకె

మా వాడు సిగరెట్ మానేసి ఇరవై రెండు రోజులు. అయినా నర్సమ్మ యంత్రంలో అంకె తగ్గడం లేదు. ఎందుకో నాకు బోధపడక బుర్ర తిరిగిపోతోంది.

మాది ఇస్త్రీ కొట్టు. వీధిలో పొగ మానేస్తామని పేరిచ్చిన తొమ్మిది మందిచేత నర్సమ్మ ప్రతి బుధవారం మధ్యాహ్నం మా మెట్ల మీద కూర్చుని ఊదిస్తుంది. ఊపిరిలో పొగ విషం ఎంతుందో అంకె పడుతుంది. ఆరు దాటకూడదట. టైలరుకి రెండు. పని మధ్యలో లేచొచ్చి ఊదిన మా వాడికి పదమూడు!

"చాటుగా లాగించేస్తున్నావేంట్రా?" అన్నాడు టైలరు. అందరూ నవ్వారు.

"నీ మీద ఒట్టమ్మా, ముట్టలేదు" అన్నాడు వాడు నాతో.

వాళ్ల నాన్న కూడా ఇలాగే ఒట్లు వేసి, దగ్గి దగ్గి పోయాడు. అందుకే వాడు స్నానానికి వెళ్లగానే చొక్కా జేబులు వెతికాను. ఏమీ దొరకలేదు. దాంతో భయం రెట్టింపైంది. మానేసినా తగ్గలేదంటే లోపల ఊపిరితిత్తులే పోయాయేమో!

జేబులో చెయ్యి ఉండగానే వాడు వచ్చేశాడు.

"నువ్వూ నమ్మవన్నమాట. ఇంక మానేసి ఏం లాభం? నా పేరు కొట్టేయమను."

మర్నాడు మధ్యాహ్నం పని వదిలి పరుగెత్తి నర్సమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. రెండు ఇస్త్రీ పెట్టెల్లో బొగ్గులు ఎర్రగా కాలుతున్నాయి.

"ఆ కిటికీ ఎప్పట్నుంచి మూసి ఉంది పిన్నీ?"

"వానలు మొదలైనప్పట్నుంచి. నెలైంది. జల్లు బట్టల మీద పడుతుందనీ..."

"నువ్వు ఊదు."

"నేనా? నా జన్మలో ముట్టలేదమ్మా!"

"అందుకే ఊదమంటున్నా."

ఊదాను. పద్నాలుగు.

టైలరు తొంగి చూశాడు. "అత్తా, నువ్వెప్పుడు మొదలెట్టావ్?"

బొగ్గుల పొగలోనూ అదే విషం ఉంటుందంది నర్సమ్మ. కిటికీ బార్లా తెరిపించింది. మర్నాడు బొగ్గులు రాజేయకముందే మళ్లీ ఊదించింది. వాడికి మూడు. నాకూ మూడే.

"పేరు కొట్టేయనా?" అంది నర్సమ్మ.

"ఉండనీండి" అని వాడు నా వైపు తిరిగాడు. "ఇప్పుడు నీ కొంగు ముడి నేను వెతకాలా అమ్మా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడు అబద్ధమాడలేదు, అది చాలు. కానీ అన్నేళ్లు ఆ గదిలోనే ఇస్త్రీ చేసిన వాళ్ల నాన్నని ఏ పొగ తీసుకుపోయినట్టు? కిటికీలోంచి జల్లు కొడుతోంది. మడతపెట్టిన చొక్కాలు ఎత్తి అవతల పెట్టాను గాని, కిటికీ మాత్రం మూయలేదు.