పందిట్లోకి ఒక్క అడుగు

కోరుట్ల పాత బస్టాండు దగ్గర మానసది మిక్సింగ్ దుకాణం. పెళ్లి వీడియోలు కత్తిరించి, పాటలు కలిపి సీడీలు చేసిస్తుంది. ఈ వైపు ఇంటికొక మగమనిషి గల్ఫ్‌లో ఉండనే ఉంటాడు కనుక, వీడియోతో పాటు ఒక పాస్‌పోర్టు ఫొటో కూడా తెస్తారు. "మా తమ్మున్ని పందిట్ల నిలబెట్టు బిడ్డా" అంటారు. నిలబెట్టేది. అక్కడ మస్కట్‌లో ఆ తమ్ముడి నెత్తిన అక్షింతలు రాలేవి. దులుపుకొని డ్యూటీకి పోయేవాడు.

మానస సొంత తమ్ముడు సతీశ్‌కు ఆ డ్యూటీ కూడా లేదు. గల్ఫ్‌లో జీతమివ్వని కంపెనీ నుంచి పారిపోయి కల్లివెల్లి అయ్యాడు, అంటే కాగితాల్లేకుండా దాక్కుని బతుకుతున్నాడు. పాస్‌పోర్టు లేదు, పట్టుబడితే జైలు. పైగా విడవని జ్వరం. "అక్కా, ఈడనే సచ్చిపోయెటట్టున్న. ఎట్లన్న జేసి నన్ను తీస్కపో" అని ఫోనులో ఏడ్చాడు.

ఫొటో పెడితే అక్షింతలే అందుతాయి. వీడియోలో మనిషిని నడిపిస్తే మనిషే వస్తాడని మానసకు తెలుసు. చెల్లెలు విజయ పెళ్లి వీడియో ఉంది. సతీశ్ వెళ్లకముందు బోనాల్లో తీసిన వీడియోలో అతని నడకా ఉంది. రెంటినీ కలపడమే పాత కంప్యూటర్‌కు చేతకావడం లేదు. మెడలో గొలుసు అమ్మేసి, తండ్రి దుర్గయ్యతో జగిత్యాల బయల్దేరింది. సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. ఆటోలో వెళ్లారు.

కంప్యూటర్ల దుకాణం శశాంక్‌ది. దుర్గయ్య ఒకప్పుడు వాళ్ల పొలాల్లోనే కూలికి పోయేవాడు.

"ఏం పనికి చెల్లె?"

"మనిషిని నడిపియ్యాలె అన్నా."

"ఒక్కడేనా? ఎన్క బ్యాండు, మంది ఉన్నరా?"

"అందరున్నరు."

"గట్లయితే ఐ సెవెన్ తీస్కో. ర్యామ్ పదారు. గ్రాఫిక్ కార్డు జబర్దస్త్ ఉండాలె. లేకుంటే మోకాళ్ల కాడికే వస్తడు."

"పూరా రావాలె దొరా" అన్నాడు దుర్గయ్య, నిలబడే.

"నువ్వు కూసోరాదే పెద్దమనిషీ. యూపీఎస్ గిట్ల కావాలెనా?"

"పాతది ఉన్నది" అంది మానస. శశాంక్ కూడా సరేనన్నాడు. ఇంత కరెంటు తాగే మిషన్‌ను ఆ చిన్న డబ్బా మోయలేదని గ్రాఫిక్ కార్డు సంబరంలో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. సమ్మెతో బొగ్గుబాయిలు ఆగి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో తట్టలేదంటే ఏమనాలి!

కొత్త కంప్యూటర్ డబ్బాను దుర్గయ్య దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మానస మిషన్‌ను పనిలో పెట్టింది. తల్లి సమ్మక్క గడప పక్కన కూర్చుంది. ఫోనులో సతీశ్ ఉన్నాడు.

"అక్కా, మామిడాకుల వాసనొస్తున్నది."

"రా తమ్మీ."

"బ్యాండు ఇనబడుతున్నది. పసుపు చీరల గామె విజయనేనా?"

"విజయనే. నడువు, ఆగకు!"

"చెప్పులు ఇడిసి రావాల్నా?"

కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కుయ్యిమని చచ్చింది. ఫోనులో సతీశ్ గొంతూ ఆగిపోయింది. మానస ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

సాయంత్రం కరెంటు వచ్చాక చూస్తే వీడియో సగమే ఉంది. చివర్లో సతీశ్ పందిరి ముందర ఒక కాలు లేపి ఉన్నాడు. మళ్లీ కలుపుదామని బోనాల వీడియో తెరిస్తే, అందులో అతను నడిచిన చోట ఉత్త గోడ ఉంది.

అంతలో సతీశ్ రూములో ఉండే హన్మంతు ఫోన్ చేశాడు. "అక్కా, మంచం మీద అక్షింతలున్నయ్, మనిషి లేడు. మీ కాడికచ్చిండా?"

మానస ఫోను పెట్టేసింది. "నేనే ఆగం జేసిన అవ్వా" అని తల్లి కాళ్ల మీద పడి గుండెలు పగిలేలా ఏడ్చింది. సమ్మక్క ఓదార్చలేదు. ఆమె దగ్గర మాత్రం ఓదార్పు ఎక్కడిది?

సంగతి తెలిసి శశాంక్ పెద్ద యూపీఎస్ పంపాడు. దాన్ని బిగించారు. ఆ మిషన్ ఇప్పుడు ఏ కరెంటు కోతలోనూ ఆగదు. మానస మాత్రం ఎవరి ఫొటోలూ తీసుకోవడం లేదు. "నాతోని కాదు" అని తల దించుకుంటుంది.

సమ్మక్క రోజూ పొద్దున్నే వచ్చి దుకాణం గడప ఊడ్చి, చెప్పులన్నీ ఒక పక్కకు పెడుతుంది. ఎవరైనా వాకిట్లో నిలబడితే చేత్తో జరుపుతుంది.

"జర తొవ్వ ఇడువుండ్రి. మా పిల్లగాడు కాలు లేపి ఉన్నడు."

వాళ్లు పక్కకు జరుగుతారు.