యాళి మెడ అతుకు

మయూర్ విహార్‌లోని ఆ సొసైటీలో ఏదైనా అతుక్కుపోతే అన్నపూర్ణేశ్వరి ఆంటీ ఇంటికి పట్టుకెళ్ళడం అలవాటు. ఫ్రేము అద్దానికి అంటుకున్న పెళ్ళి ఫొటో కానీండి, వంకరగా అతికిన చెప్పు అట్ట కానీండి, ఆవిడ రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు కూర్చునేది. కత్తి లేదు, వేడినీళ్ళు లేవు. జిగురు దానంతటదే వదిలేది, ఫొటో మీద గీత కూడా పడేది కాదు. వదిలేటప్పుడు మాత్రం, అతికించిన మనిషి ఆ వేళ ఏమనుకున్నాడో అది అతుకులోంచి వినపడేది. చెప్పులోంచి మోచీ విసుగు, ఫొటోలోంచి, దాన్ని అంటించిన పెళ్ళికొడుకు మేనత్త సణుగుడు. ఎవరూ వింతపడేవారు కాదు. విన్నది బయట అనకూడదు, అదొక్కటే మర్యాద.

ఓ ఆదివారం వైశాలి, కొసన సింహం తలలాంటి యాళి ఉన్న వీణతో వచ్చింది. మోసుకొచ్చింది ఆమె భర్త సుధీంద్ర.

“చూడండాంటీ, మా పాత పనిమనిషి యాళి ముఖం ఎలా అతికించిందో! పక్కింటికేసి చూస్తోంది.”

“మామూలు వడ్రంగి చాలంటే వినదండీ,” అన్నాడు సుధీంద్ర. “నేను కింద కారు దగ్గరుంటా.”

“ఉండు. వీణెవరు పట్టుకుంటారు?” అంది ఆంటీ.

అసలు విరగ్గొట్టింది అతనే. ఆఫీసువాళ్ళు భోజనానికి వస్తున్నారని సోఫా జరుపుతూ తగిలించాడు. గబగబా గమ్ము పెట్టేసి, పనిమనిషి గౌరి పడేసి అతికించడం కళ్ళారా చూశానని భార్యతో చెప్పాడు. గౌరిని మానిపించారు. ఆ మాట పాకి మిగతా ఇళ్ళవాళ్ళూ మానిపించారు, ఒక్క ఆంటీ తప్ప. ఇప్పుడు గౌరి ఆ వంటింట్లోనే గిన్నెలు తోముతోంది.

ఆంటీ యాళి మెడ మీద చేతులు వేసింది. కాసేపటికి జిగురు మెత్తగా వదిలింది. యాళి ముఖం ఆవిడ ఒళ్ళోకి జారింది, లక్క పూత చెదరలేదు. లోపలినుంచి సుధీంద్ర గొంతు తాపీగా అంది:

“గౌరి మీద తోసేస్తే సరి. దానికి చెప్పుకునే నోరెక్కడిది?”

వైశాలి అతనికేసి చూడలేదు. వీణ తీగల్ని చూస్తూ ఉండిపోయింది.

గిన్నెల చప్పుడు ఆగింది. గౌరి తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. బెంగాల్ మనిషి, తెలుగు రాదు.

“మేరా నామ్ లియా, సాబ్? క్యా బోలా?” తన పేరెత్తి ఏమన్నాడో చెప్పమంది.

ఆంటీ నోరు విప్పలేదు. ఆవిడకి మర్యాద ఉంది కదా. వైశాలీ విప్పలేదు.

సుధీంద్ర తన మాటను తనే హిందీలోకి మార్చి చెప్పాడు. ‘నోరెక్కడిది’ దగ్గర ఆగిపోయాడు. గౌరి ఎదురుచూసింది. అదీ చెప్పాడు.

గౌరి ఏడవలేదు, తిట్టలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంది.

“అచ్ఛా. చలియే,” అని అతన్ని తన వెంట రమ్మంది.

మెట్లు ఎక్కి, తనని మానిపించిన మొదటి ఇంటి బెల్లు తనే నొక్కి, పక్కకి జరిగి నిలబడింది. తలుపు తెరుచుకున్నప్పుడు ఎదురుగా సుధీంద్ర ఒక్కడే ఉన్నాడు.